మూసీ ఒడ్డున కోఠీ – హష్మత్ జంగ్ జీవితం

హైదరాబాదు నగరంలో కోఠీ అన్న పేరు ఎరుగని విద్యార్థి ఉండడు. విద్యాసంవత్సరం మొదలు కాగానే పాఠ్యపుస్తకాల కోసం మనమందరం అక్కడికే పోతాము. బస్సు కండక్టరు ఆ పేరు పలుకగానే దిగి, పుస్తకాల మూట కట్టుకొని తిరిగి వస్తాము. కోఠీ అనగా పెద్ద భవంతి. ఆ భవంతి ఏది, దానిని ఎవరు కట్టించినారు, ఎవరి కొరకు కట్టించినారు అని విచారించేవారు మాత్రం అరుదు. మూసీ నదికి ఉత్తరపు గట్టున, పాతనగరానికి ఎదురుగా రెండు వందల ఏండ్లకు పైగా నిలిచియున్న బ్రిటిష్ రెసిడెన్సీ భవనమే ఆ కోఠీ. దానిని చూచి రావలెనని చాలకాలంగా అనుకొంటూ, కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని, అనుమతి పొంది, ఒక ఉదయం మేము అక్కడికి వెళ్ళినాము.

ఆవరణలో అడుగుపెట్టగానే బజారు రొద వెనుకబడుతుంది. వృక్షాల నీడలో కొంతదూరం నడిచిన పిమ్మట భవనం ఒక్కసారిగా కండ్ల ముందు నిలుస్తుంది. వెడల్పైన మెట్లు, మెట్లకు ఇరువైపులా కూర్చున్న సింహాలు, వాటిపైన ఆకాశాన్ని మోస్తున్నట్లున్న ఆరు మహాస్తంభాలు. గ్రీకు దేవాలయాల పోలికలో కట్టిన ఈ ముఖద్వారం ముందు నిలిచినవాడు తాను ఎంత చిన్నవాడో తెలుసుకోవలెనన్నదే కట్టించినవారి ఉద్దేశమని తోస్తుంది. లోపల దర్బారు హాలు, రెండు పాయలుగా చీలి పైకి పోయే మెట్లు, కోడిగ్రుడ్డు ఆకారపు గదులు చూచినపుడు విద్యార్థులకు మాట రాలేదు. వారిలో ఒకడు మెల్లగా అడిగినాడు: ఇది ప్రేమ కోసం కట్టిన ఇల్లట కదా, నిజమేనా అని. ఆ ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయినాము. ఈ వ్యాసం ఆ విద్యార్థికి మేము ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఈ సౌధాన్ని కట్టించినవాడు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో జన్మించినాడు. తండ్రి కుంఫిణీ సైన్యంలో అధికారి. తల్లి అతని శైశవంలోనే కన్నుమూసినది. చిన్ననాడే ఇంగ్లండుకు పంపబడి, ఈటన్ పాఠశాలలో చదివి, 15 ఏండ్ల ప్రాయంలో, అనగా 1779లో, కుంఫిణీ సైనికుడై మద్రాసుకు తిరిగివచ్చినాడు. పుట్టిన గడ్డకు పరాయివానిగా తిరిగివచ్చిన ఆ బాలునికి ఇచ్చటి భాషలు త్వరగా పట్టుబడినవి. ఫారసీ, హిందూస్తానీ భాషలలో అతడు సంపాదించిన పాండిత్యమే తరువాతి కాలంలో అతనికి కత్తికన్నా ఎక్కువగా ఉపయోగపడినది.

అతని సవతి అన్న విలియం కర్క్‌పాట్రిక్ నిజాము దర్బారులో కుంఫిణీ రెసిడెంటుగా ఉండేవాడు. 1795లో జేమ్స్ అన్నకు సహాయకుడుగా హైదరాబాదు చేరినాడు. ఆ ఏడే ఖర్దా యుద్ధంలో మరాఠాల చేతిలో నిజాం అలీఖాన్ ఓడిపోయినాడు. దివాను అరిస్తూ జాహ్ బందీగా పూనాకు పోవలసి వచ్చినది. మైసూరులో టిప్పు సుల్తాను, పశ్చిమాన మరాఠాలు, తూర్పున ఇంగ్లీషువారు. వీరి నడుమ నిజాము తన రక్షణకు ఫ్రెంచి సేనాని రేమాన్ శిక్షణ ఇచ్చిన పటాలాలను నమ్ముకొన్నాడు. మూసా రాం అని ప్రజలు పిలుచుకొన్న ఆ సేనాని సమాధి నేటికీ మలక్‌పేట ప్రాంతపు గుట్టమీద ఉన్నది. మూసారాంబాగ్ పేరులో అతని పేరే నిలిచియున్నదని ప్రతీతి.

అన్నకు ఆరోగ్యం చెడి 1797లో సెలవుపై వెళ్ళగా తమ్ముడు ఆ బాధ్యత స్వీకరించి, మరుసటి ఏడు పూర్తి రెసిడెంటు అయినాడు. 1798 మార్చిలో రేమాన్ మరణించినాడు. అదే ఏడు సెప్టెంబరు 1న కర్క్‌పాట్రిక్ నిజాముతో ఒడంబడిక కుదిర్చినాడు. దాని ప్రకారం 6,000 మంది కుంఫిణీ సిపాయిలు నిజాము రాజ్యంలో ఉండవలెను. వారి ఖర్చు క్రింద సాలీనా 24 లక్షలకు పైగా నిజాము చెల్లించవలెను. ఫ్రెంచివారిని సాగనంపవలెను. అక్టోబరు 22న వేలకొలది సైనికులున్న ఫ్రెంచి శిబిరం నెత్తురు చిందకుండానే ఆయుధాలు క్రింద పెట్టినది. పాఠ్యపుస్తకాలలో సైన్య సహకార పద్ధతి అని మనం చదువుకొనేది ఈ విధంగా మన నగరంలో వేళ్ళూనినది. అప్పటికి కర్క్‌పాట్రిక్ వయస్సు 34 ఏండ్లు.

అయితే ఇతడు ఇతర దొరల వంటివాడు కాడు. దర్బారు మర్యాదలు తెలిసినవాడు. ఇంటివద్ద మొగలాయి దుస్తులు ధరించేవాడు. హుక్కా పీల్చేవాడు. పెద్దలముందు ఎట్లా కూర్చోవలెనో, ఎప్పుడు లేవవలెనో, ఏ మాటకు ఏ మాట బదులు చెప్పవలెనో ఎరిగినవాడు. నిజాం అలీఖాన్ అతనికి హష్మత్ జంగ్ అన్న బిరుదు ఇచ్చినాడు. నగరం అతనిని ఆ పేరుతోనే గుర్తుపెట్టుకొన్నది.

ఈ దశలో అతని జీవితంలోకి ఖైరున్నిసా ప్రవేశించినది. ఆమె సయ్యదుల వంశపు కన్య. తాత బాఖర్ అలీఖాన్ కుంఫిణీ సేనకు సంబంధించిన బక్షీ. తల్లి షరఫున్నిసా. దర్బారులో పలుకుబడిగల మీర్ ఆలం వారికి బంధువు. ఆమెకు అప్పటికే మరొకరితో సంబంధం నిశ్చయమై ఉన్నది. పెండ్లివేళ పరదా చాటునుండి ఆమె రెసిడెంటును చూచినదని, ఆ సంబంధం వద్దని పట్టుబట్టినదని, జనానాలోని పెద్ద స్త్రీలు ఆమెకు తోడ్పడినారని చరిత్రకారులు వ్రాసినారు. ఆమె వయస్సు అప్పుడు 14, 15 ఏండ్లకు మించదు. నేటి మన దృష్టికి అది బాల్యమే. ఆనాటి నగరానికి అది పెండ్లీడు. ఈ సంగతిని దాచిపెట్టి కథ చెప్పడం న్యాయం కాదు. కర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించినాడు. 1800 చివరనో, 1801 మొదటనో నిఖా రహస్యంగా జరిగినది. 1801 మార్చిలో కుమారుడు, 1802 ఏప్రిలులో కుమార్తె కలిగినారు. కుమారునికి మీర్ గులాం అలీ సాహెబ్ ఆలం అని, కుమార్తెకు నూరున్నిసా సాహెబ్ బేగం అని పేర్లు పెట్టినారు.

ఇక్కడ మన విద్యార్థులు ఒక తేదీని జ్ఞాపకం ఉంచుకోవలెను. 1800 అక్టోబరు 12. ఆనాడు ఇదే కర్క్‌పాట్రిక్ నిజాముతో మరొక ఒడంబడిక చేయించినాడు. పెరిగిన కుంఫిణీ సేన ఖర్చుకు బదులుగా, టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధాలలో తనకు దక్కిన భూములను నిజాము శాశ్వతంగా కుంఫిణీకి ఇచ్చివేసినాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు ఆ విధంగా చేతులు మారినవి. దత్తమండలాలు అన్న పేరు అప్పుడే పుట్టినది. 1928లో రాయలసీమ అన్న పేరు వచ్చేవరకు ఆ నేల ప్రజలు ఆ పేరుతోనే బ్రతికినారు. కొన్ని వారాల వ్యవధిలో ఒకే మనిషి ఒక చేత్తో ఈ దేశపు కుటుంబంలోకి అల్లుడై అడుగుపెట్టినాడు, మరొక చేత్తో ఈ దేశపు నేలను తన యజమానులకు వ్రాయించుకొన్నాడు. కర్క్‌పాట్రిక్ జీవితమంతా ఈ రెండు చేతుల కథ. ఒక చేతిని మాత్రమే చూచినవారు అతనిని ప్రేమికుడంటారు. రెండవదానిని మాత్రమే చూచినవారు అతనిని మోసగాడంటారు. రెండింటినీ చూచినవాడు తొందరపడి ఏ మాటా అనలేడు.

రహస్యం ఎంతోకాలం దాగలేదు. రెసిడెంటు తన పదవిని అడ్డుపెట్టుకొని గౌరవకుటుంబపు కన్యను బలవంతాన లోబరచుకొన్నాడని మద్రాసుకు, కలకత్తాకు వార్తలు పోయినవి. గవర్నరు జనరల్ వెల్లస్లీ ఆగ్రహించినాడు. ఒకటికి రెండు మార్లు విచారణలు జరిగినవి. బలవంతం జరిగిందన్న ఆరోపణ నిలువలేదు. పదవి నిలిచినది. కాని సొంత అన్నకు సైతం మొదట నిజం దాచి, తరువాత చెప్పుకోవలసిన గతి అతనికి పట్టినది. ఆ తరువాతి ఏండ్లలో నిజాము పట్ల వెల్లస్లీ దుడుకుతనం చూచి అతని మనస్సు విరిగినది. తాను వేసిన మొక్క ఏ పండు పండుతున్నదో అతనికి తెలిసివచ్చినది. అప్పటికి ఆలస్యమైనది.

సౌధనిర్మాణం ఆ రోజులలోనిదే. స్థలం కోరుతూ రెసిడెంటు పెద్ద కాగితం మీద పటం గీయించి నిజాముకు చూపగా ఆయన నిరాకరించినాడట. కారణం తెలియక కలవరపడిన రెసిడెంటుకు మీర్ ఆలం నవ్వుతూ రహస్యం విప్పినాడట. అంత పెద్ద పటం చూచి, రాజ్యమంతా అడుగుతున్నారని ప్రభువు బెదిరినాడని. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీద గీసి ఇవ్వగానే సంతోషంగా అంగీకరించినాడట. నగరంలో ఈ కథను నవ్వుతూ చెప్పుకొంటారు. దత్తమండలాల సంగతి తెలిసినవానికి మాత్రం నవ్వు రాదు. నిజాము భయం అర్థం లేనిది కాదు.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ నిర్మాణం నడిపినాడు. 1803లో పని మొదలై 1806 నాటికి ముగిసినట్లు చరిత్రకారుల నిర్ణయం. నిజాం అలీఖాన్ 1803 ఆగస్టులో మరణించినందున ఈ సౌధం లేవడం ఆయన చూడలేదు. దాని ఖర్చు భరించినది మాత్రం ఆ ఖజానాయే. తన చేతులు కట్టివేసినవారి కొరకు తన డబ్బుతోనే మేడ కట్టించి ఇచ్చిన దర్బారు చరిత్రలో మరెన్ని ఉన్నవో మేము ఎరుగము.

ఆ మహాసౌధం ముఖద్వారం గుండా బేగం రాకపోకలు సాగించలేదు. ఆవరణలోనే, ఎత్తైన గోడల నడుమ, ఆమెకై రంగ్ మహల్ అన్న జనానా ఏర్పడినది. మొగలాయి పద్ధతిలో చిత్రలేఖనాలతో, ఫౌంటెన్లతో, తోటతో అలంకరించిన ఇల్లు అది. ముందువైపు గ్రీకు స్తంభాలు, లోపలివైపు మొగలాయి తోట. పరదాలో ఉన్న బేగం భవనం ముందుభాగాన్ని చూడలేదు గనుక, ఆమె చూచుకొనేందుకు తోటలో ఆ సౌధపు చిన్న నమూనాను సున్నంతో కట్టించినాడని చెబుతారు. కాలక్రమాన అది శిథిలమైనది. ఇటీవలి సంవత్సరాలలో దానిని మరల బాగుచేసినారు. మేము దానిముందు చాలసేపు నిలిచినాము. పెద్ద భవనం ముందు మాట రాని విద్యార్థులు ఈ బొమ్మరిల్లు ముందు ఒకరితో ఒకరు గుసగుసలాడుకొన్నారు. ఇంటి యజమానురాలు తన ఇంటి ముఖాన్ని బొమ్మలో చూచుకొన్నదన్న మాట వారి మనస్సులో నాటుకొన్నది.

1805 వచ్చినది. ఆనాటి దొరల ఆచారం ప్రకారం పిల్లలను చదువుకై ఇంగ్లండు పంపవలెనని తండ్రి నిర్ణయించినాడు. కొడుకుకు నాలుగేండ్లు, కూతురుకు మూడేండ్లు. ఓడ ఎక్కుటకు ముందు మద్రాసులో జార్జి చినరీ అన్న చిత్రకారుడు ఆ పిల్లల చిత్తరువు వ్రాసినాడు. హైదరాబాదీ జరీ దుస్తులలో, మెట్లమీద నిలిచిన ఆ అన్నాచెల్లెండ్ర చిత్రం తరువాత ఎంతో ప్రసిద్ధి పొందినది. ఆ దుస్తులు వారు మరల ధరించలేదు. 1806 మార్చిలో లండనులో వారికి బాప్తిస్మం ఇచ్చినారు. సాహెబ్ ఆలం విలియం జార్జి అయినాడు. సాహెబ్ బేగం కేథరిన్ అరోరా అయినది. కిట్టీ అన్నది ముద్దుపేరు.

ఆ వార్త వినుటకు తండ్రి లేడు. కొత్త గవర్నరు జనరల్ కార్న్‌వాలిస్ పిలుపుపై రోగంతోనే ప్రయాణమైన కర్క్‌పాట్రిక్ 1805 అక్టోబరు 15న కలకత్తాలో మరణించినాడు. వయస్సు 41. పిల్లలు సముద్రం మీద, భార్య హైదరాబాదులో, తాను పరాయి పట్టణంలో. ఒక్కరి దగ్గర మరొకరు లేరు. మూసీ ఒడ్డున మాత్రం మేస్త్రీలు ఆ ఇంటి పని కొనసాగిస్తున్నారు.

బేగం గాథ ఇంకా విషాదకరం. భర్త సమాధి చూచుకొనేందుకు కలకత్తా వెళ్ళిన ఆ యువతికి, భర్త క్రింద పనిచేసిన హెన్రీ రసెల్ ఆశ్రయమిచ్చినాడు. ఆ సాన్నిహిత్యం పెరిగిన పిదప ఆమెను వదిలి వేరొకరిని వివాహమాడినాడు. హైదరాబాదులో అడుగుపెట్టరాదని ఆమెపై నిషేధం వచ్చినది. ఆమె మచిలీపట్నంలో ప్రవాసంగా కాలం గడిపినది. మన తెలుగు సముద్రతీరాన, ఎవరూ ఎరుగని ఒక ఇంటిలో, హష్మత్ జంగ్ బేగం దినాలు లెక్కపెట్టుకొన్నది. కడకు నగరానికి తిరిగివచ్చి 1813 సెప్టెంబరులో మరణించినది. వయస్సు 27. ఆ కాలంలో రెసిడెంటు పదవిలో ఉన్నది ఆ రసెలే. చరిత్రకు ఒక్కొక్కప్పుడు దయ ఉండదు.

కుమారుడు 1828లో మరణించినాడు. కిట్టీ సౌందర్యవతిగా, సాధువర్తనురాలుగా పేరు పొందినది. రచయిత థామస్ కార్లైల్ ఆమెను ఎరుగును. అతని గ్రంథంలోని ఒక నాయికలో ఆమె ఛాయ ఉన్నదని విమర్శకులు భావిస్తారు. నడివయస్సులో ఆమె ఒకనాడు రసెల్ గారింట చినరీ వ్రాసిన తన చిన్ననాటి చిత్రాన్ని చూచి కన్నీరు పెట్టుకొన్నది. హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బ్రతికియున్నదని తెలిసినది. 1841లో మొదలై వృద్ధురాలు 1847లో కన్నుమూసే వరకు వారిద్దరి నడుమ ఉత్తరాలు నడిచినవి. తమను సాగనంపిన నాడు తల్లి ఏడ్చిన ఏడ్పు, ఆమె తన పొడవాటి జుట్టు పెరికికొన్న తీరు తనకు నేటికీ జ్ఞాపకమేనని కిట్టీ వ్రాసినది. అమ్మమ్మ ఫారసీలో చెప్పి వ్రాయించినది. మనుమరాలు ఇంగ్లీషులో వ్రాసినది. నడుమ అనువాదకులు. సొంత మనుమరాలి మాట వినుటకు అమ్మమ్మకు దుబాసీ కావలసి వచ్చినది. వారు ఒకరినొకరు మరల చూడనే లేదు. కిట్టీ 1889లో ఇంగ్లండులో మరణించినది.

సౌధం మాత్రం నిలిచినది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన ప్రజలు ఈ రెసిడెన్సీ మీదికే దండెత్తినారు. ఆ తరువాత గోడలు బలపడినవి, మనుష్యుల నడుమ దూరం పెరిగినది. రంగ్ మహల్ వంటి ఇల్లు తమ నైతికతకు మచ్చ అని తలచిన కాలపు రెసిడెంటు దానిని కూలగొట్టించినాడు. కర్క్‌పాట్రిక్ కట్టిన రాజ్యవ్యవస్థ బలపడిన కొద్దీ కర్క్‌పాట్రిక్ చేసికొన్న వివాహం వంటిది అసాధ్యమైపోయినది. అతని జీవితంలోని ఒక చేయి చేసిన పని రెండవ చేయి చేసిన పనిని ఈ విధంగా నేలమట్టం చేసినది. మా విద్యార్థి ప్రశ్నకు ఇదే జవాబు. అక్కడ ప్రేమ ఉన్నమాట నిజం. కాని నేటికి నిలిచిన భవనం అధికారం కొరకు కట్టినది. ప్రేమ కొరకు కట్టినది కూలిపోయినది. మిగిలినది ఆ బొమ్మరిల్లు ఒక్కటే.

అయినను కథ అక్కడ ముగియలేదు. 1924లో స్థాపించబడిన మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి వచ్చినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి తెలంగాణ పోరాటపు వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది. బేగం అడుగుపెట్టని మెట్లమీద నేడు వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని ఎక్కుతున్నారు. వారిలో బురఖా ధరించినవారున్నారు, పూలు పెట్టుకొన్నవారున్నారు. ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగు మాట్లాడేవారున్నారు. మేము వెళ్ళినపుడు మెట్లమీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపి మాట్లాడుకొంటున్నారు. వారికి దుబాసీ అవసరం లేకపోయినది.

రెండు భాషలలో చదువు చెప్పే కళాశాల మనది. అమ్మమ్మ మాట మనుమరాలికి అర్థం కావడం ఎంతటి భాగ్యమో షరఫున్నిసా కథ చదివిన తరువాత మాకు తెలిసివచ్చినది. మన విద్యార్థులు ఈసారి పుస్తకాల కోసం కోఠీకి పోయినపుడు, బేరం ముగిసిన తరువాత, ఒక్కమారు ఆ గోడవైపు తలయెత్తి చూడవలెనని మా కోరిక.